ఏ వస్తువుకు ఏ జిగురు: ఇంటి పనులకు సమగ్ర మార్గదర్శి

ఇంట్లో ఏదైనా విరిగితే చాలామంది సొరుగులో చేతికందిన జిగురు తీసి, రెండు చుక్కలు వేసి, కాసేపు నొక్కి పట్టుకుంటారు. రెండు రోజులకు అది ఊడిపోతుంది. ఈ జిగురులో పస లేదనుకుని ఇంకా గట్టిదని పేరున్నది కొనుక్కొస్తారు. అదీ ఊడుతుంది. చాలాసార్లు తప్పు జిగురుది కాదు. చెక్కను విడవకుండా పట్టే తెల్ల జిగురు రెండు గాజు ముక్కల మధ్య వారం గడిచినా ఆరదు. క్షణాల్లో పట్టే సూపర్ గ్లూ చెప్పు అడుగున వేస్తే నడక మొదలుపెట్టగానే చిట్లిపోతుంది. అందుకే "ఏది గట్టి జిగురు?" అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఈ వస్తువుకు, ఈ చోట, ఈ బరువుకు ఏది సరిపోతుందని అడగాలి. ఆ జవాబు ఎలా రాబట్టాలో ఇక్కడ వరసగా చెబుతాను. మొత్తం చదివే ఓపిక లేకపోతే శుభ్రం చేయడం గురించి రాసిన భాగమైనా తప్పక చదవండి. ఊడిపోయే అతుకుల్లో చాలావరకు అక్కడ చెడినవే.

మొదటి మెట్టు: ఊడిన చోటును పరిశీలించండి

ముక్కలను వెంటనే కలిపేయకండి. వెలుతురులో పెట్టి రెండు ముఖాలూ చూడండి. ఇంతకుముందు అతికించినదే మళ్లీ ఊడితే, ఎందుకు ఊడిందో ఆ ముఖాల మీదే కనిపిస్తుంది.

పాత జిగురు మొత్తం ఒకే వైపు ఉండిపోయి, రెండో వైపు శుభ్రంగా మెరుస్తుంటే ఆ రెండో వైపుకు జిగురు అసలు పట్టలేదు. అక్కడ జిడ్డో దుమ్మో ఉండి ఉండాలి, లేదా ఆ పదార్థానికి ఆ జిగురు పనికిరాదు. జిగురు పొరే మధ్యలో చీలి రెండు వైపులా కొంత కొంత మిగిలితే పట్టు కుదిరింది గానీ పొర బలహీనంగా ఉంది. మరీ మందంగా వేసి ఉంటారు, లేదా పూర్తిగా గట్టిపడకముందే బరువు పడి ఉంటుంది. జిగురు చెక్కుచెదరకుండా దాని పక్కనున్న చెక్కే చీలి వస్తే జిగురు తన పని తాను చేసింది. అప్పుడు మార్చాల్సింది జిగురును కాదు, అతుకు ఆకారాన్ని లేదా దాని మీద పడే బరువును.

రెండో మెట్టు: కొనేముందు ఈ ప్రశ్నలు వేసుకోండి

ముక్కలు తేమ పీల్చుకుంటాయా? చెక్క, కాగితం, అట్ట, బట్ట, తోలు పీలుస్తాయి. గాజు, లోహం, ప్లాస్టిక్, మెరుగు పెట్టిన పింగాణీ పీల్చవు. నీటి ఆధారంతో చేసిన జిగురు గట్టిపడాలంటే అందులోని నీరు బయటికి పోవాలి. కనీసం ఒక ముక్కయినా ఆ నీటిని పీల్చకపోతే లోపల తడి తడిగానే ఉండిపోతుంది. అలాంటి చోట రసాయన చర్యతో గట్టిపడే ఎపాక్సీ (రెండు ట్యూబులు కలిపి వాడే జిగురు), సూపర్ గ్లూ లాంటివి వాడాలి.

ముక్కలు ఒకదానితో ఒకటి బిగువుగా కూర్చుంటున్నాయా? జిగురు వేయకముందే వట్టిగా కలిపి చూడండి. వెంట్రుక దూరని అతుకుకు తెల్ల జిగురు, సూపర్ గ్లూ రెండూ బాగుంటాయి. అంచులు రాలిపోయి సందు కనిపిస్తే ఆ రెండింటికీ బలం ఉండదు. సందును నింపి గట్టిపడేది ఎపాక్సీ.

బలం ఏ వైపు నుంచి పడుతుంది? దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ అతుకు నిలవడం, నిలవకపోవడం చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది. గోడకు అతికించిన స్టిక్కర్‌ను పక్కకు నెట్టి చూడండి, కదలదు. అదే స్టిక్కర్ మూలను గోటితో లేపండి, జర్రున వచ్చేస్తుంది. ఏ అతుకైనా అంతే. పక్కకు జరిపే బలాన్ని తట్టుకుంటుంది, మూల నుంచి లేపే బలానికి లొంగిపోతుంది. లేపేటప్పుడు బలమంతా ఒక సన్నటి గీత మీద పడటమే కారణం. కాబట్టి వీలైన చోట ముక్కలను అంచుకు అంచు కాకుండా ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కేలా అతికించండి. అతుకు వైశాల్యం పెరిగేకొద్దీ భరోసా పెరుగుతుంది.

అతుకు వంగుతుందా? చెప్పులు, బ్యాగులు, రబ్బరు పైపుల లాంటివి రోజూ వంగుతాయి. వాటికి పెళుసు జిగురు వేస్తే పగులుతుంది, సాగే జిగురే కావాలి. ఒకేసారి వేడెక్కినా ఒకేలా వ్యాకోచించని పదార్థాలు, ఉదాహరణకు పొడవాటి లోహపు పట్టీ, గాజు పలక కలిసే చోట కూడా సాగే గుణమే కాపాడుతుంది.

చివరిగా నీళ్లు, ఎండ, వేడి. స్నానాల గదిలో ఉండే వస్తువుకు, ఆరుబయట ఉండే వస్తువుకు, పొయ్యి పక్కన ఉండే వస్తువుకు ఒకే జిగురు సరిపోదు.

ప్లాస్టిక్ అయితే ముందు దాని రకం తెలుసుకోండి

ప్లాస్టిక్ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ జిగురు దృష్టిలో అవి వేర్వేరు పదార్థాలు. వస్తువు అడుగున చిన్న త్రికోణంలో 1 నుంచి 7 వరకు ఒక అంకె ఉంటుంది. 1 అంటే పెట్, 2 హెచ్‌డీపీఈ, 3 పీవీసీ, 4 ఎల్‌డీపీఈ, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్, 7 మిగతావన్నీ. గుర్తుపెట్టుకోవాల్సినవి 2, 4, 5. బకెట్లు, డబ్బాల మూతలు, మలిచే ప్లాస్టిక్ కుర్చీలు చాలావరకు ఈ కోవలోవే. వీటి ఉపరితలం మీద ద్రవం పరుచుకోదు, ముత్యంలా ముడుచుకుంటుంది. జిగురూ ఒక ద్రవమే కదా, అది పరుచుకోని చోట పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? మామూలు ఎపాక్సీ వేసినా గట్టిపడ్డాక గోటితో పెచ్చులా లేచిపోతుంది.

అంకె కనిపించకపోతే ఒక పరీక్ష ఉంది. కనపడని మూల నుంచి చిన్న ముక్క కోసి, గాలి బుడగలు అంటుకోకుండా నీళ్లలో ముంచి వదలండి. తేలితే అది పాలిథిలీన్ (పైన చెప్పిన 2, 4 అంకెలవి) లేదా పాలీప్రొపిలీన్ (5). పీవీసీ, ఏబీఎస్, పాలీస్టైరీన్, నైలాన్ మునుగుతాయి. గాలి బుడగలతో నురగలా చేసిన థర్మాకోల్ లాంటివి ఎలాగూ తేలతాయి, వాటికి ఈ పరీక్ష వర్తించదు.

తేలే ప్లాస్టిక్‌కు ఇంట్లో ప్రధానంగా రెండు దారులు. ప్రైమర్ (జిగురు పట్టేలా ముందుగా పూసే ద్రవం), సూపర్ గ్లూ కలిపి జతగా అమ్మే కిట్‌లు ఉంటాయి, వాటి మీద పాలీప్రొపిలీన్‌కు పనికొస్తుందని రాసి ఉంటుంది. లేదా జిగురు ఆలోచనే మానేసి వేడితో కరిగించి అతకడమో, రివెట్లు, స్క్రూలు వేయడమో చేయాలి. బరువు మోసే బకెట్ పిడికి నేనైతే జిగురును నమ్మను.

మునిగే ప్లాస్టిక్‌లు చాలావరకు మాట వింటాయి. ఏబీఎస్, గట్టి పీవీసీ, అక్రిలిక్ లాంటివి సూపర్ గ్లూకీ ఎపాక్సీకీ లొంగుతాయి. వీటిని ద్రావకంతో కరిగించి ఒకటిగా చేయవచ్చు కూడా.

మూడో మెట్టు: శుభ్రం చేయడం

జిగురు తనకు తగిలిన మొదటి పొరకే అంటుకుంటుంది. ఆ పొర దుమ్మయితే దుమ్ముకు, నూనె అయితే నూనెకు అంటుకుని దానితోపాటే ఊడివస్తుంది. ఈ వరస తప్పకండి.

1. పాత జిగురును పూర్తిగా తీసేయండి. ఆరిపోయిన తెల్ల జిగురు మీద కొత్త తెల్ల జిగురు పట్టదు. గోరువెచ్చని వెనిగర్‌లో ముంచిన గుడ్డ కాసేపు చుట్టి ఉంచితే పాతది మెత్తబడుతుంది, అప్పుడు గీకండి. తర్వాత తడి పూర్తిగా ఆరనివ్వండి. పాత సూపర్ గ్లూకు అసిటోన్ పనిచేస్తుంది గానీ అది చాలా ప్లాస్టిక్‌లనూ, వార్నిష్‌నూ కరిగిస్తుంది. కనపడని చోట ఒక చుక్క వేసి చూశాకే వాడండి.

2. సబ్బు నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మరోసారి కడిగి ఆరబెట్టండి. లోహం, గాజు, పింగాణీ, ప్లాస్టిక్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన తెల్ల గుడ్డతో ఒకే దిశలో తుడవండి. ముందుకూ వెనక్కూ రుద్దితే జిడ్డు పోదు, పరుచుకుంటుంది. గుడ్డ మురికి కాకుండా వచ్చేదాకా కొత్త భాగంతో తుడుస్తూ ఉండండి.

3. నున్నటి ఉపరితలాన్ని 120 నుంచి 180 నంబరు శాండ్ పేపర్‌తో రుద్ది మెరుపు పోగొట్టండి. లోహానికీ ప్లాస్టిక్‌కూ ఇది బాగా కలిసొస్తుంది. మెరుగు పెట్టిన పింగాణీలో విరిగిన ముఖం ఎలాగూ గరుకుగానే ఉంటుంది, దాన్ని రుద్దితే ముక్కల అమరిక చెడుతుంది. గాజును కూడా రుద్దకండి.

4. రుద్దిన పొడి పోయేలా మళ్లీ ఆల్కహాల్‌తో తుడవండి. ఇక వేలు తగలనివ్వకండి. వేలి జిడ్డు కంటికి కనపడదు గానీ జిగురుకు అడ్డమే.

లోహం, గాజు శుభ్రమయ్యాయో లేదో చూడటానికి ఒక చుక్క మంచినీళ్లు వేయండి. నీరు సన్నటి పొరలా పరుచుకుంటే సిద్ధం. ముత్యాల్లా నిలిస్తే ఇంకా జిడ్డు ఉంది. అల్యూమినియం మీద గాలి తగిలిన కొద్దీ ఆక్సైడ్ పొర మళ్లీ పేరుకుంటుంది, కాబట్టి రుద్ది తుడిచిన వెంటనే అతికించేయాలి.

నాలుగో మెట్టు: జిగురును ఎంచుకోండి

*తెల్ల జిగురు.* ఫెవికాల్ లాంటి తెల్ల జిగుర్లన్నీ పాలీవినైల్ అసిటేట్ రేణువులు నీటిలో తేలుతున్న మిశ్రమాలు. చెక్కకు దీన్ని మించింది వెతకనక్కర్లేదు. నార పొడవునా అతికించిన చెక్కను విరగ్గొడితే అతుకు నిలిచి పక్కన చెక్కే చీలుతుంది. అడ్డంగా కోసిన చివర మాత్రం గొట్టాల కట్టలా జిగురును లోపలికి లాగేసుకుంటుంది. అక్కడ ముందు ఒక పలచటి పూత వేసి, కొన్ని నిమిషాలు ఇంకనిచ్చి, రెండో పూత వేసి అతికించండి. అయినా చివరకు చివర అతికించిన చెక్క మీద బరువు వేయకూడదు. లోపల ఒక చెక్క మేకు దిగేలా చేసుకోవాలి.

మామూలు తెల్ల జిగురు తడికి మెత్తబడుతుంది. నీళ్లు తగిలే చోటికి డబ్బా మీద డీ3 లేదా డీ4 అని ఉన్నది తీసుకోండి. ఇవి యూరప్ ప్రమాణంలో నీటిని తట్టుకునే తరగతులు, డీ4 ఎక్కువ తట్టుకుంటుంది. చలి బాగా ఉన్నచోట, అంటే సుమారు 10 డిగ్రీల కంటే తక్కువలో, ఇది సరిగా పొర కట్టక సుద్దపొడిలా ఆరుతుంది. అరగంట నుంచి గంట దాకా బిగించి ఉంచండి, 24 గంటల దాకా బరువు వేయకండి.

*సూపర్ గ్లూ.* అసలు పేరు సయనోఅక్రిలేట్. 1942లో అమెరికా రసాయన శాస్త్రవేత్త హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురి అద్దాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుండగా ఈ పదార్థం తగిలింది. ముట్టుకున్నదానికల్లా అంటుకుంటోందని అప్పట్లో పక్కన పెట్టేశారు. 1958లో అదే గుణంతో జిగురుగా అమ్మకానికి వచ్చింది. ఇది ఆరడం వల్ల గట్టిపడదు. వస్తువు ఉపరితలం మీద, గాలిలో ఉండే తేమ తగిలి గట్టిపడుతుంది. దాన్ని బట్టి వాడే పద్ధతి తెలుస్తుంది: తక్కువ వేయాలి. పలచటి పొరకు తేమ అంతటా అందుతుంది, క్షణాల్లో పడుతుంది. ఎక్కువ పోస్తే లోపలి భాగానికి తేమ అందక గంటలకొద్దీ మెత్తగానే ఉంటుంది, చుట్టూ తెల్లటి మసక కూడా పేరుకుంటుంది. గోటి వెడల్పు చోటుకు ఒక్క చుక్క చాలు.

చిన్న, బిగువైన, వంగని అతుకులకు ఇది మంచిది. దెబ్బకు, మూల నుంచి లేపే బలానికి తట్టుకోలేదు. కాస్త సందు ఉంటే అందులో వంట సోడా పొడి నింపి మీద చుక్క వేస్తే వెంటనే రాయిలా గట్టిపడుతుంది. గాజుకు మాత్రం వాడకండి. మొదట్లో బాగానే పట్టినట్టు ఉంటుంది గానీ తేమ తగిలేకొద్దీ విడిపోతుంది. దూదికి, నూలు బట్టకు తగిలితే చర్య ఎంత వేగంగా జరుగుతుందంటే పొగ వచ్చేంత వేడి పుట్టి ఒళ్లు కాలుతుంది. అందుకే నూలు చేతి తొడుగులు వేసుకుని సూపర్ గ్లూ ముట్టుకోకూడదు.

*ఎపాక్సీ.* ఇంట్లో ఒకటే జిగురు పెట్టుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఆరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగుర్లు ఈ రకానివి. ఒకటి రెసిన్, రెండోది హార్డెనర్. కలిపితే రెండూ రసాయనికంగా పెనవేసుకుని గట్టిపడతాయి. లోపలి నుంచి ఏదీ ఆవిరై పోనక్కర్లేదు కాబట్టి సందులు నింపినా కుంచించుకుపోదు. లోహం, గాజు, పింగాణీ, రాయి, చెక్క, వీటిలో ఏ జతకైనా పనికొస్తుంది.

ఎపాక్సీ విఫలమయ్యేది చాలావరకు కలపడంలోనే. ట్యూబుల మీద చెప్పిన పాళ్లలోనే తీసుకోండి, ఇంటి రకాలు ఎక్కువగా సగం సగం. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ వేస్తే ఫలితం తారుమారవుతుంది. జత దొరకని హార్డెనర్ అలాగే మిగిలిపోయి అతుకు ఎప్పటికీ జిగటగా ఉంటుంది. ఒక ప్లాస్టిక్ మూత మీద రెండు గీతలు ఒకే పొడవున పిండి, పుల్లతో కనీసం ఒక నిమిషం కలపండి. అంచుల్లో, పుల్లకు అంటుకున్నది కూడా గీకి మధ్యలోకి తెచ్చి కలపండి. చారలు లేకుండా ఒకే రంగులోకి రావాలి.

5 నిమిషాల రకం, 24 గంటల రకం రెండూ దొరుకుతాయి. తొందర లేకపోతే నెమ్మదిగా గట్టిపడేదే తీసుకోండి. అది ఉపరితలం గరుకులోకి ఇంకడానికి సమయం దొరుకుతుంది, బలం, నీటిని తట్టుకునే గుణం రెండూ ఎక్కువ. గది వేడిగా ఉంటే పని త్వరగా అవుతుంది. సుమారు 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు. ఒకేసారి ఎక్కువ కలిపి గిన్నెలో ఉంచితే దాని వేడికి అదే మరిగిపోయి చేతిలోనే గట్టిపడుతుంది. ఎండలో పసుపెక్కుతుంది. ఒంటికి పదే పదే తగిలితే అలర్జీ రావచ్చు, అది ఒకసారి వస్తే పోదు, కాబట్టి నైట్రైల్ చేతి తొడుగులు వేసుకోండి. రెండు రంగుల ముద్దలను చేతితో పిసికి కలిపే ఎం-సీల్ లాంటివీ ఈ కుటుంబంలోవే. రంధ్రాలు, లీకులు పూడ్చడానికి అవి బాగుంటాయి.

*కాంటాక్ట్ జిగురు.* పసుపచ్చగా, ఘాటైన వాసనతో ఉండే రబ్బరు జిగురు ఇది. తోలు, రబ్బరు, ఫోమ్, సన్మైకా షీట్లకు ఇదే సరైనది. రెండు ముఖాలకూ పలచగా రాసి, 10 నుంచి 15 నిమిషాలు ఆగి, వేలు పెడితే అంటనంతగా ఆరాక కలపాలి. తడిగా ఉన్నప్పుడు కలిపితే ద్రావకం లోపల చిక్కుకుని బుడగలు లేస్తాయి. తగిలిన క్షణంలోనే పట్టేస్తుంది, జరపడానికి వీలుండదు. పెద్ద షీటు అయితే మధ్యలో సన్నటి పుల్లలు పరిచి, షీటును సరిగా అమర్చుకుని, ఒక చివర నుంచి పుల్లలు ఒక్కొక్కటి లాగుతూ నొక్కుకుంటూ పోవాలి. ఎంతసేపు నొక్కామన్నది కాదు, ఎంత గట్టిగా నొక్కామన్నది లెక్క. మెత్తటి వినైల్ రెక్సిన్‌కు దీన్ని వాడకండి. వినైల్‌ను మెత్తగా ఉంచే నూనె మెల్లగా ఊరి రబ్బరు జిగురును కరిగిస్తుంది. దానికి పాలీయురేథేన్ రకం కావాలి. కిటికీలు తెరిచి పెట్టండి. ఆవిరికి నిప్పంటుకునే గుణం ఉంది కాబట్టి దగ్గర్లో మంట, సిగరెట్ ఏదీ ఉండకూడదు.

*పాలీయురేథేన్ జిగురు.* తేమతో గట్టిపడుతూ నురగలా పొంగుతుంది. చెక్కను రాయికో లోహానికో అతికించడానికి మంచిది, నీళ్లను బాగా తట్టుకుంటుంది. ఒక ముఖాన్ని తడి గుడ్డతో తుడిచి, రెండో ముఖానికి జిగురు రాసి, గట్టిగా బిగించాలి. పొంగిన నురగ సందును నింపినట్టు కనిపిస్తుంది గానీ దానికి బలం ఉండదు.

*సిలికాన్.* దీన్ని అతికించే జిగురుగా కంటే నీళ్లు పోకుండా మూసే సాగుడు పదార్థంగా చూడాలి. సింక్ అంచులు, అక్వేరియం, కిటికీ అద్దాలు దీని చోట్లు. వెనిగర్ వాసన వచ్చే రకం రాగి, ఇత్తడి లాంటి లోహాలను తినేస్తుంది, ముఖం చూసుకునే అద్దం వెనకాల పూతను పాడుచేస్తుంది. వాటికి న్యూట్రల్ అని రాసి ఉన్నది తీసుకోండి. అక్వేరియానికి బూజు మందు కలపనిదే వాడాలి, లేకపోతే చేపలు చస్తాయి. రోజుకు 2, 3 మిల్లీమీటర్ల లోతు చొప్పున గట్టిపడుతుంది కాబట్టి పైన ఆరిందని తొందరపడకండి. దీని మీద రంగు నిలవదు, మరే జిగురూ పట్టదు. పాత సిలికాన్‌ను ఆనవాలు లేకుండా గీకి తీస్తే తప్ప కొత్త పని మొదలుపెట్టకూడదు.

*సాల్వెంట్ సిమెంట్.* పైపులకు వాడేది. ఇది రెండు ముక్కల పై పొరలను కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. మామూలు పీవీసీకి వేరు, వేడినీళ్ల సీపీవీసీకి వేరు, మార్చి వాడకండి. రెండు వైపులా రాసి, పైపును చివరిదాకా తోస్తూ పావు చుట్టు తిప్పి, 30 సెకన్లు వదలకుండా పట్టుకోండి. వదిలేస్తే పైపు దానంతట అదే వెనక్కి జరుగుతుంది. డబ్బా మీద చెప్పినంత సేపు ఆగాకే నీళ్లు వదలండి.

*గ్లూ గన్.* అలంకరణ వస్తువులకు, అట్ట పనులకు చాలు. చల్లటి లోహం మీద, గాజు మీద వేస్తే పట్టేలోపే చల్లారిపోతుంది. ఎండలో నిలిపిన కారులో ఉంచితే మెత్తబడి జారుతుంది. తీసేయాలంటే అంచుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేయండి, పెచ్చులా లేస్తుంది.

మరికొన్ని జతలు, క్లుప్తంగా

కాగితానికి గ్లూ స్టిక్ మంచిది. తెల్ల జిగురు వాడితే అందులోని నీటికి నారలు ఉబ్బి ముడతలు పడతాయి. తప్పదంటే చాలా పలచగా రాసి, మధ్య నుంచి అంచులకు ఒత్తి, ఆరేదాకా బరువు కింద ఉంచండి. థర్మాకోల్‌కు కాంటాక్ట్ జిగురు, మామూలు సూపర్ గ్లూ తగిలితే కళ్ల ముందే కరిగి గుంట పడుతుంది. దానికి తెల్ల జిగురు గానీ, తక్కువ వేడి గ్లూ గన్ గానీ వాడాలి. బట్టకు ఉతికినా నిలుస్తుందని రాసి ఉన్న ఫ్యాబ్రిక్ గ్లూనే కావాలి. తోలుకు పైనున్న మెరుపు పొరను గరుకు చేశాకే కాంటాక్ట్ జిగురు రాయండి.

ఒక పని మొదటి నుంచి చివరిదాకా: ఊగే కుర్చీ కాలు

కాలు ఊగుతుంటే పైనుంచి జిగురు కారబోసి లాభం లేదు. అది లోపలికి వెళ్లదు, వెళ్లినా పాత జిగురు మీదే కూర్చుంటుంది. అతుకును పూర్తిగా ఊడదీయండి. రాకపోతే రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. ఏ కాలు ఏ రంధ్రంలోదో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

కాలి చివరా, రంధ్రం లోపలా ఉన్న పాత జిగురును వెనిగర్‌తో మెత్తబరిచి తీసేయండి. శాండ్ పేపర్‌తో ఎక్కువ రుద్దకండి, చెక్క అరిగితే సందు పెరుగుతుంది. పూర్తిగా ఆరాక వట్టిగా అమర్చి చూడండి. చేత్తో నొక్కితే దిగి, కాస్త బిగువుగా ఉంటే తెల్ల జిగురు చాలు. వదులుగా ఆడుతుంటే రెండు దారులు. పలచటి చెక్క పెచ్చును కాలి చివర చుట్టూ అతికించి లావు చేయవచ్చు. లేదా నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ వాడవచ్చు. మొదటిది శ్రమతో కూడుకున్నదే అయినా నేను దాన్నే సూచిస్తాను. తర్వాత ఎప్పుడైనా మళ్లీ విప్పి బాగు చేసుకోవచ్చు, ఎపాక్సీ వేస్తే ఆ అవకాశం ఉండదు.

రంధ్రం గోడలకూ, కాలి చివరకూ రెండింటికీ బ్రష్‌తో రాయండి. రంధ్రం అడుగున జిగురు మడుగు కట్టనివ్వకండి. కాలు దిగేటప్పుడు అది పైకి తోసి కాలు పూర్తిగా కూర్చోనివ్వదు. కాళ్ల చుట్టూ తాడు వదులుగా కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పితే క్లాంపు అవసరం లేకుండానే బిగుస్తుంది. చుట్టూ సన్నటి పూసల్లా జిగురు బయటికొస్తే సరిపడా వేసినట్టే. దాన్ని వెంటనే తడి గుడ్డతో తుడవండి. కుర్చీని చదునైన నేల మీద నిలబెట్టి నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో చూసి, తాడు గట్టిపరచండి. 24 గంటల దాకా ఎవరినీ కూర్చోనివ్వకండి.

విరిగిన పింగాణీ

ముక్కలన్నీ వట్టిగా అమర్చి ఏది ముందో ఏది వెనకో వరస రాసుకోండి. వరస తప్పితే చివరి ముక్కకు చోటు మిగలదు. నెమ్మదైన ఎపాక్సీని ఒక అంచుకే, గీతలా సన్నగా రాయండి. మందంగా రాస్తే ప్రతి అతుకులో వెంట్రుకంత తేడా వచ్చి చివరికి అంతా కలిపి పెద్ద తేడా అవుతుంది. అతుకుకు అడ్డంగా టేపు ముక్కలు లాగి అంటించి, వస్తువును ఇసుక గిన్నెలో అతుకు పైకి నిలువుగా ఉండేలా గుచ్చండి. అప్పుడు ముక్క బరువే దాన్ని నొక్కి ఉంచుతుంది. బయటికొచ్చిన జిగురు రబ్బరులా ఉన్న దశలో బ్లేడుతో కోస్తే శుభ్రంగా వస్తుంది.

ఇలా బాగు చేసినదాన్ని అలంకరణకే ఉంచుకోండి. తినే, తాగే పాత్రగా వాడకూడదు. మామూలు ఎపాక్సీ చాలావరకు 60, 70 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది, కాబట్టి వేడి కాఫీ కప్పు పిడి ఎప్పుడైనా చేతిలోనే ఊడి రావచ్చు.

జిగురు వాడకూడని చోట్లు

నిచ్చెన మెట్లు, హెల్మెట్, పిల్లల కారు సీటు, గ్యాస్ పైపు, కరెంటు ప్లగ్గు. వీటిలో ఏది పగిలినా మార్చాల్సిందే. అతుకు ఎంత బాగా కుదిరినా అది ఎప్పుడు వదులుతుందో బయటి నుంచి చూసి చెప్పలేం. హెల్మెట్ విషయంలో జిగురులోని ద్రావకమే దాని పెంకును బలహీనం చేయవచ్చు.

ఒంటికి అంటితే, డబ్బా మిగిలితే

వేళ్లు సూపర్ గ్లూతో అతుక్కుంటే లాగకండి, చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి, వేళ్లను ఒకదాని మీద ఒకటి దొర్లిస్తూ మెల్లగా విడదీయండి. కంట్లో పడితే అసిటోన్ లాంటివి దగ్గరికి కూడా రానివ్వకండి, రెప్పలు బలవంతంగా తెరవకండి. నీళ్లతో కడుగుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

తెరవని సూపర్ గ్లూను ఫ్రిజ్‌లో ఉంచితే ఎక్కువ కాలం వస్తుంది. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, చల్లటి ట్యూబు మీద పట్టే చెమ్మ లోపలికి పోతే గట్టిపడిపోతుంది. ఎపాక్సీ ట్యూబుల మూతలు ఒకదానిది ఒకదానికి పెట్టకండి, మరి రావు. సిలికాన్ ట్యూబు మూతి దగ్గర కొంచెం బయటికి పిండి గట్టిపడనివ్వండి, మళ్లీ కావాల్సినప్పుడు ఆ బిరడాను లాగేస్తే లోపల మెత్తగానే ఉంటుంది. తెల్ల జిగురు మూత తీయగానే పుల్లటి వాసన కొట్టినా, గడ్డలు కట్టినా నీళ్లు కలిపి సరిచేయాలని చూడకండి. దాన్ని పారేసి కొత్తది తెచ్చుకోండి.